వీబీఎస్ స్టేజీకి ఫోమ్ ఓడ: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి,

ప్రభువు నామంలో మావయ్య ఆశీస్సులు. వీబీఎస్ (సెలవుల్లో చర్చిలో పిల్లలకి పెట్టే బైబిలు బడి) ముగింపు రోజు పిల్లల ప్రోగ్రాముకి స్టేజీ డెకరేషన్ నీకు అప్పగించారని, జలప్రళయంలో జంతువుల్ని జతలుగా ఎక్కించుకున్న నోవహు ఓడ చేద్దామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. థర్మోకోల్ షీట్లు ఎన్ని పడతాయో నన్ను అడగమన్నావట. ఒక్కటి కూడా కొనకు.

క్రిస్మస్ నక్షత్రం దగ్గర్నుంచి పెళ్ళి స్టేజీ మీద పేర్ల దాకా ఇన్నేళ్ళూ అందరికీ దాంతోనే గడిచింది, నిజమే. కానీ 2022 జూలై 1 నుంచి అలంకరణకి వాడే థర్మోకోల్‌ని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో బెలూన్ పుల్లలు, ఐస్‌క్రీమ్ పుల్లలతో పాటు అదీ ఉంది. ఎక్కడో ఒక షాపులో ఇంకా దొరకొచ్చు. దొరికింది కదా అని చర్చిలో, అదీ పిల్లల ముందు వాడితే ఏం బావుంటుంది? పైగా మన ఊళ్ళలో ఏది ఊడ్చి పారేసినా చివరికి పంటకాలవలోకే చేరుతుంది. కోసేటప్పుడు రాలే ఆ తెల్లగుళ్ళు ఒకసారి నీళ్ళలో పడితే ఏరడం ఎవరి తరమూ కాదు.

దాని బదులు ఫోమ్ వాడు. నీకు పనికొచ్చేవి రెండు రకాలు. ఒకటి ఈవీఏ. చిన్నపిల్లలు ఆడుకోవడానికి ముక్కకి ముక్క తగిలించి నేలమీద పరిచే రంగురంగుల మ్యాట్లు ఉంటాయి చూడు, అవే. పిల్లలు పెద్దవాళ్ళైపోయిన ఇళ్ళలో మంచాల కింద దుమ్ముకొట్టుకుని పడుంటాయి. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలో ఒక్క మాట చెప్పు, కొనే పని చాలావరకు తప్పుతుంది. రెండోది పరుపుల్లో వాడే స్పాంజి. పాలకొల్లులోనో భీమవరంలోనో పరుపులు, సోఫాలు చేసేవాళ్ళ దగ్గర కోతలో మిగిలిన ముక్కలు అడుగు. ఓడకి ఈవీఏ, జంతువులకి స్పాంజి.

ఇప్పుడు ఓడ సంగతి. బైబిల్లో ఆదికాండం ఆరో అధ్యాయంలో కొలతలున్నాయి: 300 మూరల పొడవు, 50 మూరల వెడల్పు, 30 మూరల ఎత్తు. అంటే ఎత్తుకి పదిరెట్లు పొడవు. ఆ లెక్క తప్పకుండా 20 అడుగుల స్టేజీ నిండా ఓడ కట్టినా ఎత్తు రెండడుగులే వస్తుంది, పిల్లాడి నడుం దాకా. అందుకే ఓడంతా చేసే ఆలోచన మానెయ్. తలుపున్న ముక్క ఒక్కటి చెయ్యి, ఎనిమిదడుగుల ఎత్తున. పక్కన తలుపు, లోపల మూడు అంతస్తులు అని వాక్యంలోనే ఉంది కాబట్టి అడ్డంగా రెండు పట్టీలు వేస్తే అంతస్తులు తెలుస్తాయి. మిగతా ఓడ తెర వెనక్కి సాగిపోయినట్టు అంచు తెరలోకి దూర్చెయ్. తలుపు మాత్రం పిల్లలు జంటలుగా నడిచి లోపలికి వెళ్ళేంత వెడల్పు ఉండాలి. చూసేవాళ్ళకి గుర్తుండేది ఆ నడకే.

ఫోమ్ తనంతట తాను నిలబడదు. వెనక వెదురు బద్దల చట్రం, దానిమీద ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె విప్పి బిగించు, ఆ అట్టమీద ఈవీఏ అంటించు. అంటించడానికి చెప్పులు కుట్టేవాళ్ళు వాడే సొల్యూషన్ మంచిది. అట్టకీ ఫోమ్‌కీ రెండింటికీ పల్చగా రాసి, వేలితో తాకితే అంటుకోనంతవరకు ఆరనిచ్చి అప్పుడు అదుము. ఒకసారి కలిశాక జరపడం కుదరదు, ముందే పెన్సిల్ గుర్తులు పెట్టుకో. దాని ఆవిరి తల తిప్పుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఆ పని పెద్దవాళ్ళే చెయ్యాలి, అదీ ఆరుబయట.

చెక్క పలకల్లా కనబడాలంటే చిన్న కిటుకు ఉంది. మ్యాటు నున్నటి వైపు పైకి పెట్టి, కట్టర్‌లో కొత్త బ్లేడు వేసి, స్కేలు ఆన్చి సగం లోతు వరకే గీత కొయ్యి. తెగిపోకూడదు. తర్వాత ఎలక్ట్రీషియన్ దగ్గర హాట్ ఎయిర్ గన్ అరువు తెచ్చి ఆ గీత మీద వేడిగాలి అటూ ఇటూ ఆడించు. నువ్వు చూస్తుండగానే గీత విచ్చుకుని రెండు పలకల మధ్య సందులా తేలుతుంది. వేడి ఒకేచోట నిలిపితే పైన బుడగలొస్తాయి, చెయ్యి ఆపకు. మధ్యలో అక్కడక్కడా వంకర గీతలు నాలుగు పెడితే అవే చెక్క ఈనెలు. ముందు చిన్న ముక్క మీద చూసుకున్నాకే అసలు దాని జోలికి వెళ్ళు.

రంగు నేరుగా వేస్తే పెచ్చులూడుతుంది. ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి రెండు పూతలు వేసి ఆరనివ్వు. ఆపైన గోడలకి వేసే ఎమల్షన్‌లో బ్రౌన్ స్టైనర్ (రంగు చుక్కల మందు) కలిపి ముదురుగా ఒక పూత. అదీ ఆరాక లేత గోధుమరంగులో బ్రష్ ముంచి, పాత గుడ్డకి తుడిచేసి, దాదాపు పొడి బ్రష్‌తో పైపైన రుద్దు. సందుల్లో ముదురు, పైన లేత నిలిచి చెక్కే అనుకుంటారు. ఈ రుద్దుడు పని పిల్లలకివ్వు, వాళ్ళు మనకంటే బాగా చేస్తారు.

స్పాంజి జంతువులకి రంగు వెయ్యకు. రంగంతా తాగేస్తుంది, ఓ పట్టాన ఆరదు. బ్రెడ్ కోసే చాకుతో ఆకారం కోసి, అంచులు కత్తెరతో కొద్దికొద్దిగా గుండ్రం చేసి, పాత దుప్పటి గుడ్డ తొడిగి కుట్టెయ్. ఏనుగు, సింహం అందరూ చేసేవే. ఒక గేదెల జత, ఒక కొంగల జత పెట్టి చూడు, ముందు వరస పిల్లలు ఎలా కేకలేస్తారో.

నీళ్ళకి నీలం గుడ్డ చాలు, రెండు చివర్లా ఇద్దరు పట్టుకుని ఊపుతారు. మీది గోదావరి గట్టు పక్క ఊరు కదా, 1986 ఆగస్టు వరదలో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో పెద్దవాళ్ళని అడిగి, స్కిట్‌లో గుడ్డని సరిగ్గా అంత ఎత్తుకి లేపించు. వెనక తెర మాత్రం టెంట్ హౌస్ నుంచి ఒకే రంగుది తెప్పించు. దాతల ఫొటోలున్న ఫ్లెక్సీ కడతామంటారు. అది గేటు దగ్గర కట్టుకోమను. ఆ ఫొటోల ముందు నీ ఓడ కనబడదు.

ఇంకో సంగతి, దీనికి మొహమాటపడకు. స్పాంజి నిప్పు తగిలితే క్షణాల్లో అంటుకుంటుంది, ఆ పొగ విషం. ముగింపులో పిల్లలచేత కొవ్వొత్తులు వెలిగిద్దాం అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. స్టేజీ మీద కుదరదని కమిటీకి ముందే చెప్పు. కావాలంటే బ్యాటరీవి తెచ్చుకోమను. హాలోజన్ లైట్లు కూడా వద్దు, ఎల్ఈడీలే పెట్టించు. స్టేజీ పక్కన రెండు బకెట్లు ఇసుక ఉంచు.

మే నెల సాయంత్రం ఎప్పుడు గాలివాన లేస్తుందో చెప్పలేం. చట్రాన్ని స్టేజీ వెనక గుంజలకి పురికొసతో కాదు, బైండింగ్ వైరుతో కట్టించు. అడుగున ఇసుక సంచులు వెయ్యి. ఓడని ముందురోజు రాత్రే బయట నిలబెట్టకు.

స్టేజీ వెడల్పు, ఎత్తు, గుంజకీ గుంజకీ మధ్య దూరం టేపుతో కొలిచి వాట్సాప్ చెయ్యి. ఫొటో ఒక్కటే పంపితే నాకు అంచనా దొరకదు. వెదురు సంగతి నేను మాట్లాడతాను, నువ్వు మ్యాట్లు పోగెయ్యి.

నీ మావయ్య