అక్కకు వాన ఇష్టం

నాన్న పోయి ఎనిమిది నెలలైందని, ఇప్పటికీ ఏడుపు రావడం లేదని, ఎవరితోనూ మాట్లాడాలనిపించడం లేదని రాశారు. ఒక స్నేహితుడు కవిత రాసి చూడమన్నాడట. "నాకు కవిత్వం రాదు. నాన్నకు నా చేతిరాతే నచ్చదు, కవిత రాస్తానంటే నవ్వుతారు. దుఃఖానికి కవిత్వం నిజంగా పనికొస్తుందా?" అన్నది మీ ప్రశ్న.

నేనూ కవిని కాను. పుస్తకాలకు ప్రూఫులు దిద్దడం నా పని. ఒత్తులు, దీర్ఘాలు, కర్తకూ క్రియకూ పొత్తు కుదరని వాక్యాలు, వీటి మధ్యే ఇరవై ఏళ్లు గడిచాయి. తొమ్మిదేళ్ల కిందట మా అక్క పోయింది. ముందు జబ్బు లేదు, హెచ్చరిక లేదు. అందరూ అక్క గురించి నాలుగు మాటలు రాసే పని నాకే అప్పగించారు. ఇంట్లో అక్షరాలతో బతికేవాణ్ని నేనొక్కణ్నే కదా.

కూర్చుని రాశాను. "తీరని లోటు." "పూడ్చలేని శూన్యం." ఈ మాటలను ఇతరుల రాతల్లో ఎన్ని వందలసార్లు దిద్దానో లెక్కలేదు. అవి ఎవరు పోయినా సరిపోతాయి. అందుకే అక్కకు సరిపోలేదు. కాగితం చింపి మళ్లీ మొదలుపెడితే చేతిలోంచి వచ్చిన వాక్యం ఇది: అక్కకు వాన ఇష్టం.

వృత్తి అలవాటు ఊరుకోదు. మనిషి లేనప్పుడు "ఇష్టంగా ఉండేది" అనాలి కదా అని కలం అటు వెళ్లింది. వెళ్లి ఆగిపోయింది. ఆ వాక్యంలో క్రియ లేదు. క్రియ లేదు కనుక కాలం కూడా లేదు. అక్క బతికి ఉన్నా అదే వాక్యం, లేకపోయినా అదే వాక్యం. తెలుగు నాకు అక్కడ ఒక చిన్న సందు వదిలిపెట్టింది, భూతకాలంలోకి వెళ్లకుండా నిలబడగలిగేంత సందు. ఆ రాత్రి ఇంకేమీ రాయలేదు. వాళ్లు అడిగిన నాలుగు మాటలను మర్నాడు మరొకరు రాశారు. బాగానే రాశారు. అందులో తీరని లోటు ఉంది.

మీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు దాదాపు అంతా ఆ మూడు మాటల్లోనే ఉంది. దుఃఖంలో నాకు కరవైంది కన్నీళ్లు కావు, వాక్యం. మనిషి పోయిన మర్నాటి నుంచే లోకం మన వ్యాకరణాన్ని మార్చమంటుంది. "చేస్తుంది"ని "చేసేది" చేయాలి. నిన్నటిదాకా "నువ్వు" అని పిలిచిన మనిషి వచ్చినవాళ్ల మాటల్లో "ఆమె" అవుతుంది, కార్యాలయాల కాగితాల్లో "మృతురాలు" అవుతుంది. నేను సంతకం పెట్టిన ఒక్కో కాగితంలోనూ అక్క ఒక్కో అడుగు దూరం జరిగింది. ఇలాంటి మార్పులేవీ అడగనిది ఒక్క కవిత్వమే. అక్కడ "నువ్వు" అని మొదలుపెట్టినా ఎవరూ వింతగా చూడరు.

శ్రీశ్రీ తన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావు పోయినప్పుడు ఏం చేశాడో గుర్తు చేసుకోండి. కొంపెల్ల 1937లో చనిపోయాడు. 1950లో పుస్తకంగా వచ్చిన "మహాప్రస్థానం" ఆయనకే అంకితం. ఆ అంకిత కవిత "తలవంచుకు వెళ్లిపోయావా నేస్తం" అని మొదలవుతుంది. అది మిత్రుడి గురించి చెప్పడం కాదు, మిత్రుణ్నే అడగడం. కాలేజీ రోజుల్లో ఆ కవితను గొంతెత్తి చదివేవాణ్ని, ఊపు కోసం. అక్క పోయాక మళ్లీ చూస్తే "వెళ్లిపోయావా" అన్న క్రియ చివర ఉన్న ఆ "వా" ఒక్కటే కనిపించింది. ఎదుటివాడు వింటున్నాడని నమ్మితే తప్ప ఆ అక్షరం పెట్టలేం.

"ధైర్యంగా ఉండాలి" అన్నవాళ్ల మీద అప్పట్లో నాకు కోపం వచ్చేది. ఇప్పుడు లేదు, పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు? కాళిదాసు రఘువంశం ఎనిమిదో సర్గలో భార్య ఇందుమతి చనిపోతే అజుడనే రాజు విలపిస్తాడు. గురువు వసిష్ఠుడు తన శిష్యుడి చేత ఓదార్పు మాటలు పంపుతాడు. జ్ఞానంలో వాటికి వంక పెట్టలేం. కానీ శోకంతో గట్టిపడిన ఆ గుండెలో వాటికి చోటు దొరకలేదని, అవి తిరిగి గురువు దగ్గరికే వెళ్లిపోయినట్లయిందని కవి అంటాడు. వసిష్ఠుడి మాటకే దిక్కులేకపోతే ఫోనులో మనవాళ్లు చెప్పే నాలుగు మాటల సంగతి చెప్పాలా? ఇంకో సంగతి, ఆ విలాపంతో అజుడికి దుఃఖం తగ్గలేదు. కొడుకు చిన్నవాడని ఎనిమిదేళ్లు ఎలాగో నెట్టుకొచ్చాడు, అంతే. కవిత రాస్తే బాధ పోతుందని మీ స్నేహితుడు అని ఉంటే ఆ మాట నమ్మవద్దు.

మరి ఎందుకు రాయడం? భవభూతి సంస్కృత నాటకం ఉత్తరరామచరితం మూడో అంకంలో దీనికి ఒక పోలిక ఉంది. చెరువు పొంగి పొర్లుతున్నప్పుడు నీటిని బయటికి పారనివ్వడమే ఉపాయం, శోకంతో కలత పడిన గుండె కూడా విలపించడం వల్లనే నిలుస్తుంది అని. మన మాటల్లో చెప్పాలంటే అలుగు. అలుగు పారితే చెరువు ఖాళీ అవదు. నీళ్లు నీళ్లుగానే ఉంటాయి, గట్టు మాత్రం తెగదు. నా అనుభవంలో కవిత్వం చేసిన సాయం సరిగ్గా ఇంతే.

ఇక ఎలా రాయాలి అన్నది. నాకు దారి చూపించినది ఒక పాత తమిళ పద్యం. సంగం సాహిత్యంలో పురనానూరు అనే సంకలనం ఉంది, అందులో 112వది. పారి అనే చిన్న రాజును ముగ్గురు పెద్ద రాజులు కలిసి చంపారు. ఆయన కూతుళ్లు చెప్పిందిగా ఆ పద్యాన్ని చెబుతారు. అయిదే పంక్తులు. ఆ నెల, ఆ తెల్లని వెన్నెలలో మాకు నాన్న ఉన్నాడు, మా కొండను ఎవరూ తీసుకోలేదు. ఈ నెల, ఈ తెల్లని వెన్నెలలో గెలుపు భేరీల రాజులు మా కొండను తీసుకున్నారు, మాకు నాన్న లేడు. అంతే. ఇది సారాంశం కాదు, పద్యమే దాదాపు ఇంత.

వెతికి చూడండి, అందులో "ఏడుపు" అన్న మాట లేదు. శోకం, చీకటి, గుండె పగలడం, ఏవీ లేవు. చీకటి లేకపోవడమే కాదు, రెండుసార్లూ వెన్నెలే ఉంది! చందమామ ఏమీ పట్టనట్టు మళ్లీ వచ్చాడు, అదే తెలుపుతో. "ఆ" అన్నది "ఈ" అయింది. ఇద్దరు ఆడపిల్లల బతుకు తలకిందులైన సంగతిని చెప్పడానికి ఒక్క అక్షరం మార్పు చాలింది. కొండ పోవడం, నాన్న పోవడం ఒకే ఊపిరిలో చెప్పి, చివరికి నాన్న దగ్గర ఆగారు. ఎందుకు ఆ వరుస అని నేను చాలా రోజులు ఆలోచించాను. రాజ్యం పోయిందన్న మాట లోకానికి చెప్పవలసింది, నాన్న లేడన్నది వాళ్లు తమకు తాము చెప్పుకోవలసింది అనిపిస్తుంది. నేను పొరబడి ఉండవచ్చు.

దాన్ని చదివాక నా నోట్‌బుక్‌లో "శూన్యం", "కన్నీటి సంద్రం" లాంటివన్నీ కొట్టేశాను. అక్కకు ఒక అలవాటు. ఫోను పెట్టేసిన రెండు నిమిషాలకు మళ్లీ చేసి "ఇంకొక్క మాట" అనేది. (చూశారా, అలవాటు గురించి చెప్పబోతే "అనేది" వచ్చేసింది. ఇక్కడ తప్పించుకోలేం.) ఆ ఇంకొక్క మాట ఎప్పుడూ పెద్దదేమీ కాదు. గొడుగు మరచిపోకు, మొన్న చెప్పిన పుస్తకం పేరు ఏమిటి, అంతవరకే. ఫోను పెట్టేశాక ఆ రెండు నిమిషాల నిశ్శబ్దం గురించి రాశాను. ఒక్కో పంక్తిలో నాలుగు మాటలకు మించకూడదని నియమం పెట్టుకున్నాను. నియమం ఎందుకంటే, దుఃఖం వదిలేస్తే ఒకటే పరుగు తీస్తుంది. నాలుగు మాటల లెక్క చూసుకుంటున్నంతసేపు దానికి నాతో కలిసి నడవక తప్పలేదు. ఛందస్సులో రాసిన పాతవాళ్లకు ఈ రహస్యం మనకన్నా బాగా తెలుసనుకుంటాను.

ఒకరోజు ఒక పోలిక బాగా కుదిరింది. సంతోషం వేసింది, ఆ వెంటనే సిగ్గు వేసింది. అక్క చావు నాకు పంక్తి కుదిరేందుకా అని. నెల రోజులు నోట్‌బుక్ ముట్టలేదు. తరువాత ఎప్పుడో తట్టింది, ఆ పోలిక కోసం వెతికిన అరగంట సేపు నా కళ్ల ముందున్నది అక్క చివరి రోజు కాదు, ఫోను పట్టుకుని నవ్వుతున్న అక్క. అన్ని నెలల్లో అలా కనిపించడం అదే మొదటిసారి. సిగ్గు పూర్తిగా పోలేదు గానీ రాయడం మళ్లీ మొదలైంది.

ఎవరికీ చూపించకండి, కనీసం మొదట్లో. నేను ఒకరికి చూపిస్తే "ముగింపు ఇంకా బలంగా ఉండాలి" అన్నారు. సలహా సరైనదే. కానీ మూడు వారాలు నిద్ర పట్టలేదు. అన్నట్టు, నిద్ర సంగతి వచ్చింది కనుక: తిండి, నిద్ర బొత్తిగా తప్పినా, బతకాలని లేదు అనిపించినా వెంటనే వైద్యుల దగ్గరికి వెళ్లండి. కవిత తరువాత రాసుకోవచ్చు.

ఇంకొక్క మాట. "నాన్నకు నా చేతిరాతే నచ్చదు, కవిత రాస్తానంటే నవ్వుతారు" అని రాశారు మీరు. నచ్చేది కాదు, నవ్వేవారు అని రాయలేదు. ఇరవై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నవాణ్ని చెబుతున్నాను, అందులో దిద్దవలసిన తప్పేమీ లేదు. దాని కింద రెండో పంక్తి రాయండి.