అనంతపురం నుంచి లక్షద్వీప్ వెళ్లి నాలుగు రోజులు ప్రశాంతంగా గడపాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ముందు పర్మిట్. లక్షద్వీప్‌కి మన దేశస్థులకు కూడా ప్రవేశ అనుమతి కావాలి. అది చేతికి రాకముందే టికెట్లు కొంటే టెన్షనే.

అనంతపురం వాళ్లు బెంగళూరు మీదుగా కొచ్చి చేరుకోవడం తేలిక. కొచ్చి నుంచి లక్షద్వీప్‌లో విమానాశ్రయం ఉన్న అగత్తి దీవికి విమానంలో గంటన్నర ప్రయాణం; ఓడలో అయితే దీవిని బట్టి 14 నుంచి 18 గంటలు పడుతుంది. కడుపులో తిప్పే వాళ్లు ఓడ ఎక్కే ముందు డాక్టరును అడిగి మాత్ర వేసుకోవడం మంచిది.

కవరత్తి, కల్పేని, మినికాయ్ మూడూ చూపించే ఓడ ప్యాకేజీ ఉంది. అందులో పగలు దీవిలో, రాత్రి ఓడలో. చూడ్డానికి బాగుంటుంది గానీ, విశ్రాంతి కావాలనుకునే వాళ్లకు నేనైతే అది చెప్పను. ఒకే దీవిలో ఉండిపోండి. చుట్టూ ఉన్న పగడపు దిబ్బ పెద్ద అలలను బయటే విరగ్గొడుతుంది కాబట్టి లోపలి లగూన్ (దిబ్బకూ దీవికీ మధ్య ఉండే సముద్రపు మడుగు) నీళ్లు లోతు లేకుండా, నిశ్చలంగా ఉంటాయి. ఈత రానివాళ్లు కూడా లైఫ్ జాకెట్ వేసుకుని, గైడ్ పక్కన ఉంటే స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి తీసుకుంటూ, నీటి పైన తేలుతూ అడుగున ఉన్నవి చూడటం) చేయొచ్చు. పగడాల మీద మాత్రం కాలు పెట్టకండి. అవి రాళ్లు కావు, ప్రాణులు. ముక్క ఏరుకుని తెచ్చుకోవడమూ నేరమే.

అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా అనువైన కాలం. వేసవి సెలవులని మే చివర్లో పెట్టుకుంటే వానాకాలం ఎదురొస్తుంది, సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. సంక్రాంతి సెలవులే మేలు. అక్కడ ట్యూనా చేప, కొబ్బరే ఎక్కువ. శాకాహారులైతే ఇంట్లో కొట్టిన శెనక్కాయల పొడి ఒక డబ్బా పెట్టుకోండి.