పాత తీగల ద్రాక్ష, ఓక్ పీపాలో మాగిన రెడ్ వైన్: ఆ ధరలో నిజమెంత?

"పాత తీగల ద్రాక్షతో చేసింది, ఓక్ పీపాలో మాగబెట్టింది" అని లేబుల్ మీద వేసి అంతంత రేట్లు పెడుతున్నారు, నిజంగా తేడా ఉంటుందా అని అడిగారు. నేను ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉంటూ దగ్గర్లోని బరోసా లోయలో ద్రాక్ష కోతల సీజన్లో ఒక చిన్న వైనరీలో పనిచేశాను, కాబట్టి నాకు తెలిసిన అక్కడి షిరాజ్ (రెడ్ వైన్ చేసే ఒక నల్ల ద్రాక్ష రకం) గురించే చెబుతాను. తేడా ఉంది. కాకపోతే అందులో ఎక్కువ భాగం తోట నుంచి వస్తుంది, పీపా నుంచి కాదు.

హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లు చూసినవాళ్లకు బరోసా పాత తోట అసలు ద్రాక్షతోటలానే అనిపించదు. పందిరి ఉండదు, పొట్టిగా, తొడంత లావున, మెలికలు తిరిగి బెరడు లేచిపోయిన మోళ్లు వరసగా నిలబడి ఉంటాయి. 1840లలో నాటిన షిరాజ్ కూడా అక్కడ ఇంకా కాపు ఇస్తోంది. యూరప్ తోటల్ని తుడిచిపెట్టిన ఫిలోక్సెరా అనే వేరు పురుగు 1877లో పక్కనున్న విక్టోరియా రాష్ట్రం దాకా వచ్చింది గానీ సౌత్ ఆస్ట్రేలియాలో ఇప్పటికీ అడుగుపెట్టలేదు, అందుకే ఆ తీగలు పురుగును తట్టుకునే వేరే వేళ్లకు అంటు కట్టాల్సిన అవసరం లేకుండా సొంత వేళ్ల మీదే బతికాయి. అలాంటివాటిని 1980ల మధ్యలో ప్రభుత్వమే డబ్బిచ్చి పీకించింది, గిరాకీ లేదని! తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ముసలి తీగకు కాపు తక్కువ. చాలా తోటలు వర్షాధారమే, వేళ్లు లోతుకు పోయి ఉంటాయి, పండు చిన్నగా వస్తుంది. పండు చిన్నదైతే రసంతో పోలిస్తే తొక్క ఎక్కువ, రంగూ వగరూ ఉండేది ఆ తొక్కలోనే. రసం పులుస్తున్నప్పుడు తొక్కలన్నీ పైకి తేలి మందంగా కట్టుకుపోతాయి, వాటిని రోజుకు మూడు నాలుగుసార్లు కిందికి ముంచాలి. ఆ పనికి తొట్టి మీదికి వంగితే కార్బన్ డయాక్సైడ్ ముక్కు లోపల సూదుల్లా గుచ్చుతుంది.

ఇక పీపా. అమెరికన్ ఓక్ అయితే వెనీలా, కొబ్బరి వాసన గట్టిగా ఇస్తుంది, ఫ్రెంచ్ ఓక్ కాస్త నెమ్మది, మసాలా దినుసుల వైపు ఉంటుంది. ఫ్రెంచ్ ఓక్‌ను రంపంతో ఎలా పడితే అలా కోస్తే పీపా కారుతుంది, నార వెంబడే చీల్చాలి, దాంతో కలప చాలా వృథా అయి ధర బాగా పెరుగుతుంది. కొత్త పీపా మొదటిసారే ఎక్కువ వాసన దింపుతుంది, మూడు నాలుగు వాడకాలయ్యాక దాదాపు ఏమీ ఇవ్వదు. అయినా అది పనికొస్తుంది, ఎందుకంటే చెక్కలోంచి కొద్దికొద్దిగా గాలి తగులుతూ వగరు మెత్తబడుతుంది. వందేళ్ల తీగల పండును పూర్తిగా కొత్త ఓక్‌లో పోసి, చివరికి చెక్క వాసన తప్ప ఇంకేమీ తెలియకుండా చేయడం నా దృష్టిలో అన్యాయం.

ఎవరూ చెప్పని పని ఇంకోటుంది. పీపాలో వైన్ రోజూ కొంచెం ఆవిరైపోతుంది, పైన ఖాళీ ఏర్పడితే గాలి చేరి వెనిగర్ బాక్టీరియా పెరుగుతుంది. అందుకని వరసలో ప్రతి పీపా బిరడా తీసి, వాసన చూసి, అదే రకం వైన్‌తో అంచు దాకా నింపి, చుట్టూ తుడిచి మళ్లీ బిగించాలి, ఏడాదిన్నర, రెండేళ్లు ఇదే పని. వాసనలో నెయిల్ పాలిష్ ఛాయ తగిలిందంటే ఆ పీపాను వెంటనే పక్కన పెట్టాల్సిందే. 300 లీటర్ల పీపాకు లెక్కప్రకారం 400 బాటిళ్లు, ఆవిరైంది పోగా మిగిలేదే అమ్ముకోవాలి.

కొనేటప్పుడు ఒక్కటి చూడండి. "పాత తీగలు" అన్న మాటకు ఆస్ట్రేలియాలో చట్టపరమైన నిర్వచనం లేదు. బరోసావాళ్లు 2009లో సొంతంగా ఒక పద్ధతి పెట్టుకున్నారు: 35 ఏళ్లు దాటితే ఓల్డ్, 70 దాటితే సర్వైవర్, 100 దాటితే సెంటెనేరియన్, 125 దాటితే యాన్సెస్టర్. తోట పేరు, నాటిన సంవత్సరం, కొత్త ఓక్ ఎంత వాడారో చెప్పే బాటిల్‌కైతే నేను డబ్బు పెడతాను, వట్టిగా "ఓల్డ్" అని మాత్రమే ఉన్నదానికి పెట్టను.