జెల్ పలచబడిందా, విరిగిందా? ముందు అది తేల్చుకోండి

గుణుపురం ఫార్మసిస్టు గారూ, నొప్పి తగ్గించే డైక్లోఫినాక్ సోడియం, తిమ్మిరెక్కించే లిగ్నోకైన్ హైడ్రోక్లోరైడ్ రెండూ కలిపి, కార్బోమర్ అనే చిక్కబరిచే పొడితో జెల్ చేస్తే నీళ్లలా జారిపోయి, తెల్లటి పలుకులు తేలాయని రాశారు. పీహెచ్ పెంచే ట్రైఇథనోలమైన్ ఇంకాస్త పోస్తే గట్టిపడుతుందా అని అడిగారు. దయచేసి పోయకండి. మీకు ఎదురైనవి రెండు వేర్వేరు సమస్యలు.

ముందు పలచబడటం సంగతి. పీహెచ్ పెరిగినప్పుడు కార్బోమర్ గొలుసులు రుణావేశం పొంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విచ్చుకుంటాయి. చిక్కదనం అలాగే వస్తుంది. లవణరూపంలోని మందు పడగానే దాని అయాన్లు ఆ ఆవేశాన్ని అణచివేస్తాయి, గొలుసులు ముడుచుకుంటాయి. బోరు నీటిలోని కాల్షియం కూడా ఇంతే చేస్తుంది, కాబట్టి డిస్టిల్డ్ వాటరే వాడండి.

పలుకుల కథ వేరు. పర్లాకిమిడిలో మా దుకాణానికి ఇదే మిశ్రమంతో చీటీ వచ్చినప్పుడు, జెల్ జోలికి పోకముందే రెండు మందులనూ విడివిడిగా నీటిలో కరిగించాను. నల్ల కాగితం మీద గాజు పలక పెట్టి, పక్కపక్కన చెరో చుక్క వేసి, గాజు కడ్డీతో కలిపాను. రెండూ తేటగా ఉన్న చుక్కలే. కలిసిన చోట తెల్లగా మసకేసి, చూస్తుండగానే విరిగిన పాలలా అయింది. డైక్లోఫినాక్‌ది రుణావేశం, లిగ్నోకైన్‌ది ధనావేశం. రెండూ జతకట్టి, నీటిలో సరిగా కరగని పదార్థంగా బయటపడతాయి. పైగా లిగ్నోకైన్ ద్రావణం ఆమ్లగుణం కలది. డైక్లోఫినాక్‌కు ఆమ్లం పడదు.

అందుకే కార్బోమర్ బదులు హెచ్‌పీఎంసీ (సెల్యులోజ్ నుంచి చేసే మరో చిక్కబరిచే పొడి) వాడమనే సలహా సగమే పనిచేస్తుంది. దానికి ఆవేశం లేదు కనుక ఈ మోతాదు లవణాలకు చెదరదు, కానీ మందుల మధ్య గొడవను ఆపలేదు. ఆ పలుకులున్న జెల్ రోగికి ఇవ్వకండి. ఒకచోట మందు ఎక్కువ, మరోచోట తక్కువ పడుతుంది.

చీటీ రాసిన డాక్టరు గారికి ఫోను చేసి, రెండు జెల్‌లుగా విడగొట్టడానికి అనుమతి అడగండి. అప్పుడు కూడా లిగ్నోకైన్‌ను కార్బోమర్‌లో వేయకండి, దాని ధనావేశం కార్బోమర్‌నే పట్టుకుంటుంది. హెచ్‌పీఎంసీ కే4ఎం రకం అయితే నూరు గ్రాముల జెల్‌కు 3–4 గ్రాములు సరిపోతుంది. మూడో వంతు నీటిని 80 డిగ్రీలు దాటేలా కాచి, పొడిని అందులో చల్లుతూ కలపండి, ఆ తర్వాతే మిగతా చల్లటి నీరు పోయండి. మొదటే చన్నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, ఎంత కలిపినా విడవదు. రాత్రంతా మూతపెట్టి ఉంచితే బుడగలు పోయి తేటపడుతుంది.