టెక్ సందేహాలు: ‘జీఆర్’ అంటే గ్రాము కాదు

ప్రశ్న: మా తమ్ముడు అమెరికాలోని కొలరాడోలో ఉంటాడు. లైసెన్స్ తీసుకుని ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకు వెళ్తాడట. 6.5 క్రీడ్‌మోర్ రైఫిల్ కొనాలా, 300 విన్‌చెస్టర్ మ్యాగ్నమా అని తేల్చుకోలేక, ఏది భుజాన్ని ఎంత తంతుందో ఎక్సెల్‌లో లెక్క వేయమన్నాడు. క్రీడ్‌మోర్‌కే 3,848 జౌల్స్ వస్తోంది! తప్పెక్కడ? వచ్చేటప్పుడు గుర్తుగా ఒక ఖాళీ తూటా తెస్తానంటున్నాడు, ఫర్వాలేదా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: షీట్ చూశాను. మీ లెక్కే నిజమైతే 3.6 కిలోల తుపాకీ గంటకు 166 కిలోమీటర్ల వేగంతో మీ తమ్ముడి మీదికి రావాలి. వందే భారత్ కూడా 160 దాటదు!

ఫార్ములా సరిగానే ఉంది. తూటాల డబ్బా మీది ‘140 జీఆర్’ను మీరు గ్రాములనుకున్నారు. అది గ్రెయిన్, అంటే 0.0648 గ్రాములు. మన కంసాలులు గురిగింజలతో బంగారం తూచినట్టు ఇంగ్లిష్ వాళ్లు బార్లీ గింజతో మొదలుపెట్టారు, తూటాల దగ్గర ఇంకా అదే కొలత. బుల్లెట్, తుపాకీ మందు బరువులు రెండూ 15 రెట్లు పెరిగాయి, దాంతో తుపాకీ వెనక్కి తన్నే వేగమూ అన్ని రెట్లు పెరిగింది. శక్తి లెక్కలో వేగానికి వర్గం ఉంటుంది కాబట్టి జవాబు 238 రెట్లు ఉబ్బింది.

ఆ రెండు గడుల్లో అంకెను 15,432తో భాగించండి, నేరుగా కిలోలు వస్తాయి. 140 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 823 మీటర్లు, 42 గ్రెయిన్ల మందు, దాని వాయువుల వేగం మీరు వేసిన 1,220 మీటర్లే: ఇప్పుడు 16 జౌల్స్. మ్యాగ్నమ్‌కు 180 గ్రెయిన్ల బుల్లెట్, 902 మీటర్లు, 73 గ్రెయిన్ల మందు వేస్తే 37. రెండింతలకు పైనే.

నన్నడిగితే క్రీడ్‌మోరే. దెబ్బకు జడిసి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకునేవాడికి మ్యాగ్నమ్ బలం ఎందుకు? గురి తప్పితే ఎల్క్ గాయంతో అడవిలోకి పారిపోతుంది, అది ఇంకా పాపం. ఎల్క్‌కు కొలరాడో నియమం కనీసం 6 మిల్లీమీటర్ల వ్యాసం తూటా, 85 గ్రెయిన్ల బుల్లెట్, 100 గజాల దగ్గర ఆ బుల్లెట్‌కు 1,000 ఫుట్-పౌండ్ల (సుమారు 1,356 జౌల్స్) శక్తి. క్రీడ్‌మోర్ ఇవన్నీ సులువుగా దాటుతుంది. తగలగానే ముక్కలైపోని గట్టి బుల్లెట్ తీసుకుని, 300 గజాల లోపే కాల్చమనండి.

మ్యాగ్నమే కావాలని పట్టుబడితే షీట్‌లో రైఫిల్ బరువు 4.5 కిలోలు చేసి చూపించండి. 37 కాస్తా 29కి దిగుతుంది. అయితే ఆ బరువు కొండలెక్కి మోసేది తనే. గొట్టం చివర మజిల్ బ్రేక్ (వాయువులను పక్కలకు మళ్లించే తొడుగు) పెట్టినా తన్నుడు తగ్గుతుంది కానీ చెవులు గింగురుమంటాయి.

ఈ షీట్ మన మహేంద్రగిరి వైపు మాత్రం పనికిరాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇక్కడ వేట నేరం.

ఖాళీ తూటా వద్దే వద్దు. స్కానర్‌లో తూటా ఆకారం కనబడితే బ్యాగు విప్పించి నిలబెడతారు, ఆ టెన్షన్ ఎందుకు? ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి.