యాంటీ టీపీఓ 640 వచ్చింది, తగ్గించుకోవడం ఎలా?

టీఎస్‌హెచ్ 7.8, ఫ్రీ టీ4 నార్మల్, యాంటీ టీపీఓ 640 అని రాశారు. అలసట ఉంది, జుట్టు రాలుతోంది, డాక్టరేమో థైరాయిడ్ మాత్ర ఇవ్వకుండా మూడు నెలలాగి మళ్లీ టెస్టు చేయించమన్నారు, ఆ 640 ఎలా తగ్గుతుంది అని మీ ప్రశ్న. నేను డాక్టర్ని కాదండీ. హషిమోటోతో, అంటే మన రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బుతో, తొమ్మిదేళ్లుగా కాపురం చేస్తున్న పేషెంటుని, అంతే.

ముందు ఆ 640 సంగతి చూద్దాం. యాంటీ టీపీఓ అంటే మన ఒళ్లే థైరాయిడ్ మీదకి తయారుచేసే యాంటీబాడీలు. నార్మల్ అంటే ఇంతే అని పక్కనే చిన్న అంకె వేసి, మనది వందల్లో కనబడితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. నాది 900 పైచిలుకు, ఆ రాత్రంతా నిద్ర లేదు. కానీ జబ్బు ఎంత ముదిరిందో ఆ అంకె చెప్పదు. మన రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్ మీద పడిందని, అంటే టీఎస్‌హెచ్ ఎందుకు పెరిగిందో చెబుతుంది. 1000 ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి మాత్ర లేకుండా ఉండొచ్చు, 200 ఉన్నవాళ్లకు రేపే అవసరం పడొచ్చు. హకారు హషిమోటో అనే జపాన్ డాక్టరు 1912లో నలుగురు ఆడవాళ్ల థైరాయిడ్‌లు చూసి ఈ జబ్బు గురించి రాసినప్పుడు ఆయనకు ఈ యాంటీబాడీల ఊసే తెలియదు. థైరాయిడ్ మీదకి యాంటీబాడీలు తయారవుతాయని 1956లో గానీ బయటపడలేదు.

ఒకసారి పాజిటివ్ అని తేలాక ఆ టెస్టు మళ్లీ మళ్లీ చేయించి లాభం లేదు. నేను మొదటి రెండేళ్లలో నాలుగుసార్లు చేయించాను. తగ్గినప్పుడు సంబరపడ్డాను, పెరిగినప్పుడు ఏడ్చాను. ఆ నాలుగుసార్లూ దాన్ని చూసి డాక్టరు నా డోసు మార్చింది లేదు.

చూడాల్సింది టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4. అదీ రెండూ కలిపి. టీ4 అంటే థైరాయిడ్ తయారుచేసే హార్మోన్. టీఎస్‌హెచ్ మాత్రం థైరాయిడ్ నుంచి వచ్చేది కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి 'ఇంకాస్త పనిచెయ్' అని థైరాయిడ్‌కు పంపే కబురు. థైరాయిడ్ మందగించినకొద్దీ పిట్యూటరీ గొంతు పెంచుతుంది. మీ విషయంలో పిట్యూటరీ అరుస్తోంది, థైరాయిడ్ ఎలాగోలా నెట్టుకొస్తోంది, అందుకే టీ4 ఇంకా నార్మల్‌లో ఉంది. దీన్నే సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. టీఎస్‌హెచ్ 10 దాటితే మామూలుగా మాత్ర మొదలుపెడతారు. ఆలోపైతే వయసు, లక్షణాలు, గుండె పరిస్థితి చూసి నిర్ణయిస్తారు. గర్భవతి అయినా, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నా లెక్క పూర్తిగా వేరు. అలాంటిదేమైనా ఉంటే మూడు నెలలు ఆగకండి, ఇప్పుడే డాక్టరుకు చెప్పండి.

ఆగమనడంలో అర్థముంది. ఏదైనా పెద్ద జబ్బు చేసి కోలుకుంటున్నప్పుడు కూడా టీఎస్‌హెచ్ కొన్నాళ్లు పెరిగి దానంతటదే దిగుతుంది. అలాగని మర్చిపోకండి. యాంటీబాడీలు ఉన్నవాళ్లకు ముందుముందు పెరిగే అవకాశం ఎక్కువ.

ఇక లక్షణాలు. నాకు మొదట తేడా తెలిసింది అలసటతో కాదు, ఉంగరంతో. ఒకరోజు పొద్దున ఎంత లాగినా వేలి నుంచి రాలేదు, సబ్బు రాసి తీయాల్సి వచ్చింది. ఫోన్ ఎత్తితే "జలుబు చేసిందా, గొంతేంటి అలా ఉంది?" అనేవాళ్లు. జలుబూ లేదు, ఏమీ లేదు. అందరూ ఫ్యాన్ కింద కూర్చుంటే నేను దుప్పటి వెతుక్కునేదాన్ని. మలబద్ధకం, నెలసరిలో ఎక్కువ బ్లీడింగ్ కూడా ఉండేవి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే దేనివల్లైనా రావచ్చు కాబట్టి రెండేళ్లు పట్టించుకోలేదు.

అలాగే ప్రతిదీ థైరాయిడ్ ఖాతాలో వేయకండి కూడా. మాత్రలు వాడి నా టీఎస్‌హెచ్ 2కి వచ్చాక కూడా దువ్వెన నిండా జుట్టే. చూస్తే ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ 9 ఉంది, ఐరన్ అడుగంటిపోయిందన్నమాట. ఫెరిటిన్, బీ12 ఒకసారి చూడమని అడగండి. హషిమోటో ఉన్నవాళ్లలో బీ12 లోపం కాస్త ఎక్కువగానే కనబడుతుంది.

జుట్టు అన్నారు కాబట్టి నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెబుతాను. ఎవరో చెప్పారని బయోటిన్ మాత్రలు వేసుకున్నాను. విటమినే కదా, డాక్టరుకు చెప్పేదేముందిలే అనుకున్నాను. ఆ సారి రిపోర్టులో టీఎస్‌హెచ్ 0.1, టీ4 ఎక్కువ. డోసు ఎక్కువైందని తగ్గించారు. కానీ నాకు గుండె దడ లేదు, చెమటలు లేవు, ఒళ్లు మాత్రం రోజురోజుకీ రాయిలా బరువెక్కుతోంది. రెండు నెలల తర్వాత "ఇంకేమైనా వాడుతున్నావామ్మా?" అని డాక్టరు అడిగితే అప్పుడు బయటపడింది. చాలా ల్యాబుల్లో ఈ టెస్టులు చేసే పద్ధతిలోనే బయోటిన్ వాడతారు. మన రక్తంలోనూ అది ఎక్కువగా ఉంటే టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువగా, టీ4 లేనిపోని ఎక్కువగా వస్తాయి. ఆపేసి మళ్లీ చేయిస్తే టీఎస్‌హెచ్ 11! మీరు జుట్టుకని ఏమైనా వాడుతుంటే సీసా మీద బయోటిన్ ఉందేమో చూడండి. టెస్టుకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, డోసు పెద్దదైతే ఎన్ని రోజులో డాక్టరునే అడగండి.

ఒకవేళ మాత్ర మొదలైతే మాత్రం పరగడుపునే, తినడానికి అరగంట నుంచి గంట ముందు నీళ్లతో వేసుకోవాలి, కాఫీతో కాదు. ఐరన్, క్యాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఇవ్వండి. డోసు మార్చిన ప్రతిసారీ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి టెస్టు చేయించాలి, ఈ మందు ఒంట్లో కుదురుకోవడానికి అంత టైమ్ పడుతుంది.

మూడు నెలలకు వెళ్లేటప్పుడు అదే ల్యాబులో, ఇదివరకు ఇచ్చిన టైమ్‌కే రక్తం ఇవ్వండి. టీఎస్‌హెచ్ తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నానికి తక్కువగా ఉంటుంది, టైమ్ మారితే పోల్చుకోవడం కష్టం. రిపోర్టు వచ్చాక ఆ రెండు అంకెలూ ఇక్కడ రాయండి. యాంటీ టీపీఓ వద్దు!