బ్రిటిష్ వాళ్లు పోయాక కొత్త దేశాలు పన్నులు సరిగ్గా వసూలు చేసుకోలేకపోయింది అవినీతి వల్లేనా?

అవినీతి ఉంది, కాదనను. కానీ అదొక్కటే కారణమంటే ఒప్పుకోను. తిరుపతిలో ఇనుము, సిమెంటు అంగళ్లకు లెక్కలు రాస్తూ అమ్మకం పన్ను, వ్యాట్, జీఎస్టీ మూడూ చూసినవాడిగా చెప్తున్నా, ప్రభుత్వం తన కంటికి కనిపించేదాని మీదే పన్ను వసూలు చేయగలదు, ఆ చూపు ఒక్క చట్టం చేస్తే వచ్చేది కాదు.

తెల్లదొరలకు కనిపించింది భూమి. 1800లో థామస్ మన్రో అనే కంపెనీ అధికారి దత్త మండలాలకు (ఇప్పటి రాయలసీమ, బళ్లారి వైపు) కలెక్టరుగా వచ్చి, రైతు దగ్గరే నేరుగా శిస్తు వసూలు చేసే రైతువారీ పద్ధతికి పునాది వేశాడు. మా మదనపల్లె వైపు అప్పుడు కడప కిందే ఉండేది, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక ఇటు కలిసింది. మా పొలం తగాదా కోసం పాత అడంగల్ (ఊరి పొలాల లెక్క పుస్తకం) నకలు తీయిస్తే సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, ఏ పైరు, నీళ్లు చెరువువా బావివా అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. అదే ఊళ్లో వడ్డీ వ్యాపారం చేసి మేడ కట్టినవాడి సంపాదన గురించి ఏ లెక్కలోనూ ఒక్క అక్షరం లేదు!

స్వతంత్ర భారతానికి దక్కింది ఆ లెక్కలే. ఆ పరిస్థితిలో కాల్డర్ అనే ఆర్థికవేత్త 1956లో ఇచ్చిన నివేదికను పట్టుకుని మరుసటి ఏడాదే ఖర్చు మీద పన్ను చట్టం తెచ్చారు. కాగితం మీద గొప్ప ఆలోచనే, కానీ ఎవరు ఎంత ఖర్చు పెట్టారో అధికారికి తెలిసేదెట్లా? 1962లో ఎత్తేశారు, 1964లో మళ్లీ పెట్టారు, 1966లో పూర్తిగా వదిలేశారు. ఆఫ్రికాలో బ్రిటిష్ వలసగా ఉన్న ఘనాలోనూ ఇంతే, 1995లో 17.5 శాతం వ్యాట్ పెడితే జనం వీధుల్లోకి వచ్చారు, కొన్ని నెలల్లోనే వెనక్కి తీసుకున్నారు. 1998లో 10 శాతంతో మళ్లీ తెచ్చినప్పుడు నిలబడింది.

ఉన్న లెక్కలనైనా మనం జాగ్రత్త చేసుకున్నామా అంటే అదీ లేదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం, ఊరి భూమి లెక్కలు రాసే కరణం, శిస్తు వసూలు చేసే మునసబు పదవులు రద్దు చేసింది. ఆ పెత్తనం పోవడం మంచిదే. కానీ ఆ లెక్కల కట్టలు చాలా చోట్ల చేతులు మారేలోపే చెదిరిపోయాయి, వాటి కోసం రైతులు ఇప్పటికీ తిరుగుతున్నారు.

జీఎస్టీ మీద ఎన్ని ఫిర్యాదులున్నా (నాకూ ఉన్నాయి, రిటర్న్ గడువు దగ్గరపడితే నిద్ర పట్టదు) ఒక్క విషయంలో అది వేరు. కొన్న అంగడికి క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) రావాలంటే అమ్మినవాడు ఆ బిల్లును తన రిటర్న్‌లో చూపించాలి. అందుకే నెల రెండో వారం వచ్చేసరికి పీలేరు నుంచో శ్రీకాళహస్తి నుంచో ఫోన్లు మొదలవుతాయి, "అన్నా, నా బిల్లు ఎక్కించినావా లేదా?" అని. ఏ ఇన్‌స్పెక్టరూ అడగకముందే వ్యాపారికి వ్యాపారే కాపలా కాస్తున్నాడు. నా లెక్కలో పన్నుల యంత్రాంగం బలపడటమంటే ఇదే.

ఇల్లు కట్టుకునే మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఈ గొలుసు తెగుతుంది. ఆయనకు క్రెడిట్‌తో పనిలేదు, బిల్లు లేకుండా కాస్త తగ్గించి ఇస్తామంటే సరేనంటాడు. సిమెంటు మీద పన్ను 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గినా మా అంగళ్లలో ఆ బేరం ఆగలేదు. బిల్లు లేకపోతే కమ్మీ నాసిరకమని తేలినప్పుడు ఎవరినీ నిలదీయలేమని ఆయనకు ముందే చెప్పండి, అప్పుడు అడిగి మరీ రాయించుకుంటాడు.